కాగితానికి చెప్పిన ధర

ఈ ఉదయం మార్కాపురం బజారులో కొత్త చింతపండు బస్తా విప్పుతుంటే ఆ పుల్లని ఘాటు ముక్కుకు తగిలింది. పైన కొత్తది పరిచి అడుగున పోయినేటి సరుకు పెట్టారేమోనని నా చేయి దానంతటదే బస్తా లోపలికి పోయింది. దుకాణదారు చిన్నబుచ్చుకున్నాడు. ఈ అలవాటు నాకు ఖాదర్ సార్ దగ్గర అబ్బింది.

అప్పట్లో నేను తర్లుపాడు నుంచి రోజూ ఆటోలో వచ్చి ఒక చిన్న సర్వే సంస్థలో పనిచేసేదాన్ని. నెలనెలా బజారు ధరలు రాసుకుని పైకి పంపడం మా పని. కూలీలకు కనీస వేతనం ఎంత పెంచాలో తేల్చేటప్పుడు ఆ ధరలు చూస్తారని చెప్పేవారు. మేము తక్కువ రాస్తే వాళ్ళకు తక్కువ పెరుగుతుంది. ఖాదర్ సార్ మా సూపర్‌వైజరు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఏ దుకాణంలోనూ టీ తాగేవారు కాదు.

మొదటి రోజు నేను ఒక పెద్ద కిరాణా కొట్టులో కూర్చుని అరగంటలో ఫారం నింపేశాను. ఆయన చదివి, కళ్ళజోడు తీశారు.

"ఈ ధరలు ఎవరు చెప్పినారమ్మా?"

"షావుకారు చెప్పినాడు సార్."

"నీకు చెప్పినాడా, నీ చేతిలో కాగితానికి చెప్పినాడా?"

మర్నాడు ఫారం లేకుండా, చేతిసంచితో పంపారు. అదే కొట్టులో పావుకిలో కందిపప్పు అడిగాను. ముందురోజు రాసుకున్నదానికంటే ధర ఎక్కువ.

అందరినీ అనుమానించే మనిషిని నేనూ అనుమానించాను. ప్రతి గురువారం మధ్యాహ్నం ఆయన ఎవరికీ చెప్పకుండా ఎటో వెళ్ళేవారు. కొట్లవాళ్ళతో ఏదో లోపాయికారీ ఒప్పందం ఉందని ఆఫీసులో గుసగుసలు. ఒక గురువారం వెనకాలే వెళ్ళాను. పలకల ఫ్యాక్టరీల వెనక సందులో, ఒక రేకుల ఇంటి ముందు బండ మీద కూర్చుని ఉన్నారు. ఎదురుగా నాగమ్మ అనే ఆమె. పలకలు అరగదీసే పని. కనుబొమల మీద ఆ రాతిపొడి అట్లాగే ఉంది. నన్ను చూసి సార్ కోప్పడలేదు. "రా, కూర్చో" అన్నారు.

నాగమ్మ మాత్రం నన్ను ఎగాదిగా చూసింది. "ఈ పాప కూడా రాసుకోనే వచ్చిందా ఖాదరన్నా? రాసుకోని పోయినోళ్ళు చానామంది. కిలో ధర ఎంతని అడుగుతారు. నేనెప్పుడు కిలో కొన్నానని? పూటకింత పొట్లం. పొట్లం ధర అడగండి. తాగే నీళ్ళు టిన్నుల్లెక్కన కొంటాండా, అది రాసుకోండి."

ఫారం తీసి చూశాను. నీళ్ళకు గడి లేదు. సార్ ఆమె చెప్పిందంతా ఫారం వెనకవైపు రాశారు.

రెండు నెలలకు పై ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. మా ధరలు మరీ ఎక్కువగా ఉన్నాయట, పోయినసారి అంకెలకు దగ్గరగా సవరించి పంపాలట. సార్ సంతకం పెట్టనన్నారు. వారం తిరక్కుండానే ఆయన్ను మాన్పించారు. సవరించిన కాగితం నా ముందుకు వచ్చింది. ఇంట్లో నా జీతమే ఆధారం. సంతకం పెట్టేశాను.

కొన్నాళ్ళకు కూలి పెరిగిందని పేపర్లో వచ్చింది. బస్టాండులో నాగమ్మ ఎదురైంది.

"పెరిగిందంటనే పాపా. నీళ్ళ టిన్నుకు కూడా చాలలే. మీరేం రాసినారు?"

వచ్చిన బస్సు ఎక్కేశాను.

ఆ ఆదివారం గిద్దలూరులో ఖాదర్ సార్ ఇంటికి వెళ్ళి ఉన్నదంతా చెప్పాను. లోపలినుంచి వాళ్ళావిడ టీ తెచ్చింది. సార్ అది నా చేతికిచ్చి అడిగారు.

"సంతకం పెట్టేటప్పుడు భయపడినావా?"

"పడినాను సార్. రెండుసార్లు పెన్ను మూసి, మళ్ళీ తీసినాను."

"నిన్ను తిట్టి నాకేమొస్తాది. కొలువు అందరికీ కావాల. ఆ భయం మాత్రం పోగొట్టుకోవాకు. అది పోయినోడే ఆ రోజు మన ఆఫీసుకు వచ్చినాడు."

ఆయన పోయి నాలుగేళ్ళయింది. నా సంతకం వల్ల ఆ కూలి ఎంత తగ్గిందో, అసలు మా కాగితాలు ఎవరైనా చదివారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. చదవలేదని మనసుకు సర్దిచెప్పుకోబోతే, ఆ మాట మీదే అనుమానం వస్తుంది. ఇప్పుడు ఇంకో సంస్థలో సార్ చేసిన పనే చేస్తున్నాను. పోయిన నెల అట్లాంటిదే ఒక కాగితం నా బల్ల మీదికి వచ్చింది. అంకెలన్నీ శుభ్రంగా, పోయినసారికి దగ్గరగా ఉన్నాయి. పెన్ను తీశాను. ఆ భయమే మళ్ళీ వచ్చింది. పెన్ను మూసి, సంచి తీసుకుని బజారుకు వెళ్ళాను.

పై ఆఫీసు నుంచి రోజూ ఫోను చేసి అడుగుతున్నారు. నేనింకా సంతకం పెట్టలేదు.