టైరు తొట్టి

పెరటి గోడలో ఉన్న చిన్న తలుపు గడప దగ్గర సాబిరా కూర్చుంది. గడపకు ఇవతల ఆమె. అవతల, చేతికందేంత దూరంలో తొమ్మిది కుక్కపిల్లలు.

ఆమెకు గడప దాటే వీలు లేదు. మొగుడు పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ పాటించాలి. ఇల్లూ పెరడూ తప్ప ఇంకెక్కడా కాలు పెట్టకూడదు, పరాయి మగవాళ్ల కంట పడకూడదు. ఆమె తల్లి ఉంది అట్లా, ఆ తల్లి తల్లీ ఉంది. సాబిరాకు ఇప్పటికి ఇరవై ఆరు రోజులు గడిచాయి.

తలుపు అవతలిది ఆమె మొగుడు మౌలాలీ పంచరు షెడ్డు. గురజాలలో ఆటో తోలే ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు అక్కడ ఆగినవాడే. షెడ్డు ముఖం రోడ్డుకేసి ఉంది కాబట్టి అది బయట కిందే లెక్క అని అత్త అమీనా బీ మొదటి రోజే తేల్చేసింది.

"తలుపు తీసుకో, గాలొస్తది. కాలు మాత్రం అవతల పెట్టమాక."

మౌలాలీ పోవటానికి మూడు రోజుల ముందు, ఆ షెడ్డులోనే, పాత టైర్ల గుట్ట వెనక నల్లకుక్క పిల్లల్ని పెట్టింది. ఆ సాయంత్రం అతను గ్రీజు చేతులతోనే ఇంట్లోకొచ్చి నవ్వాడు. "తొమ్మిది పెట్టిందే సాబిరా! రొమ్ములు చూస్తే ఎనిమిది. ఎప్పుడు చూసినా ఒకటి వెయిటింగే, మన షెడ్డు ముందర ఆటోల్లాగా."

మూడో రోజు జాకీ తిప్పుతూ తిప్పుతూ గుండె పట్టుకుని కూలిపోయాడు. షట్టరు దించి, కింద కుక్క దూరేంత సందు వదిలి, తాళం మరిది మక్బూల్ తీసుకుపోయాడు.

ఇప్పుడు పిల్లలకు పళ్లొచ్చాయి. నల్లది పాలివ్వటానికి పడుకుంటే తొమ్మిది నోళ్లూ సూదుల్లా దిగుతున్నాయి. గుర్రుమని లేచిపోయి టైర్ల గుట్ట ఎక్కి కూర్చుంటుంది. అక్కడికీ కేకలు ఆగకపోతే షట్టరు కింది నుంచి దూరి రోడ్డు మీదికి పోతుంది. తిరిగొచ్చేసరికి సాయంత్రమే. అది పోయే సందు వంక సాబిరా చూస్తూ ఉండిపోయేది.

ఆ ఇరవై ఆరో రోజునే మక్బూల్ వచ్చాడు. మరిదైనా సరే ఇద్దత్‌లో ఎదురుపడకూడదు. పరదాకు అటు అతను, ఇటు ఆమె.

"భాబీ, నలభయ్యో రోజు ఫాతెహాకి షట్టరెత్తాలి. వచ్చినోళ్లని షెడ్డులోనే చాపలేసి కూసోబెట్టాలి. ఖురాన్ చదివే కాడ కుక్కలేంది?"

"ఏం చేస్తావ్ వాటిని?"

"ఏం చేస్తా, గోతంలో ఏసి కాలవ కట్ట మీద వదిలేసొస్తా."

"పాలు తాగే పిల్లలు. చచ్చిపోతయ్."

"తినే పిల్లలైతే మిరపకళ్లాలోళ్లు కాపలాకని ఎగబడి తీసకపోతరు భాబీ. పాలు తాగేవాటిని ఎవుడు తీసకపోతడు?"

మిగిలింది పద్నాలుగు రోజులు. ఈలోపు తొమ్మిదింటికీ తినడం రావాలి. సాబిరా లేచి వంటింట్లోకి వెళ్లింది.

ఆ ఇంట్లో అందరూ ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని తినడం అలవాటు. ఆమెకు ఇంకో తీరు తోచలేదు. అంచు విరిగిన పాత పళ్లెం ఒకటి అటక మీంచి తీసి, పక్కింటి అన్నపూర్ణ ఇచ్చిన గేదెపాలలో అన్నం కలిపి, గడప అవతల పెట్టింది. పిల్లలు పళ్లెం చుట్టూ చేరలేదు. పళ్లెంలోకే దిగాయి. బలిసిన రెండు అందులోనే వెల్లకిలా పడుకున్నాయి. కొన్ని ముక్కుల్లోకి పాలు పోయి తుమ్మాయి. మిగిలినవి ఒకదాని వీపు ఒకటి నాకాయి. తోక చివర తెల్లమచ్చ ఉన్న చిన్నది అన్నిటి కిందా నలిగి కుయ్యోమంది.

మర్నాడు గోడ మీదుగా అన్నపూర్ణ ముక్కు మూసుకుని కనిపించింది.

"ఏందే సాబిరా, మీ షెడ్డు కంపు మా పోపులో కలుస్తంది! చిక్కటి పాలు చిక్కటిగానే పోశావా ఏంది?"

"తొమ్మిదింటికీ విరోచనాలే అక్కా."

"కావూ మరి! చంటిదానికి బిర్యానీ పెట్టినట్టు పెట్టావ్. పాలు మానెయ్. అన్నం మెత్తగా గంజిలో పిసికి, పలచటి మజ్జిగ చుక్క కలుపు. నీళ్లు నీళ్లుగా ఉండాలి, తెలిసిందా?"

గంజి నిలిచింది. పళ్లెం మాత్రం అదే గొడవ. ఏ పిల్లయినా నాలుగు గుక్కలు మింగేలోపు ఇంకొకటి అందులో నిలబడేది. ఆరు రోజులు అట్లాగే పోయాయి.

ఏడో రోజు గడప దగ్గర కూర్చుని చూస్తుంటే ఆమె కంటికి షెడ్డు మూలనున్న తొట్టి ఆనింది. అరిగిపోయిన ఆటో టైరును పడుకోబెట్టి, పైసగం కోసేసి మౌలాలీ చేసుకున్నది. నడుమ బొక్క, చుట్టూ కాలవలాగా నీళ్లు. ట్యూబుకు గాలి కొట్టి ఆ నీళ్లలో ముంచి తిప్పేవాడు. బుడగలు లేచిన చోట చిల్లు.

చుట్టూ కాలవ. లోపల పడుకోవటానికి చోటు లేదు.

తొట్టి బారన్నర దూరంలో ఉంది. రెండడుగులు వేస్తే వచ్చేసేది. సాబిరా గడప వంక చూసింది, వెనక్కి తిరిగి అత్త కూర్చున్న మంచం వంక చూసింది. దండెం కింద పెట్టే పంగల కర్ర తెచ్చింది. గడప మీద బోర్లా పడుకుని, చెయ్యి సాచి, కర్రతో టైరును కొంచెం కొంచెంగా ఇటు లాగింది. నీళ్లు తొణికాయి.

"నమాజు చేసే గుడ్డలతో నేల మీద పొర్లుతున్నవేందే?" అంది అమీనా బీ.

సాబిరా లాగుతూనే ఉంది. తొట్టి అడుగున ఇంకా కాసిని నీళ్లున్నాయి, దుమ్ము తేలుతూ. అతను పోసిన నీళ్లు. వాటిని తొక్కుడు పడే చోట పొయ్యబుద్ధి కాలేదు. గోరింట చెట్టు మొదట్లో పోసింది. తొట్టిని బూడిదేసి తోమింది.

సాయంత్రం గంజి పోసి గరిటెతో టైరు మీద కొట్టింది. ఎనిమిది పిల్లలు చుట్టూ వరసగా నిలబడ్డాయి. ఒకదాన్ని ఒకటి తొక్కటానికి తావు లేదు. తలలొంచి చప్ చప్ మని తాగుతుంటే ఎనిమిది తోకలూ లేచాయి. తెల్లమచ్చది నడుమ బొక్కలో దూరి, చుట్టూ ఉన్న మూతుల్ని చూస్తూ కూర్చుంది. గంజిలో మూతి పెట్టలేదు. సాబిరా వేలు ముంచి అందిస్తే నాకింది. వేలు తీస్తే మళ్లీ కుయ్యోమంది.

రోజుకు నాలుగుసార్లు గంజి. కుక్క ఎంగిలి అంటితే కడుక్కోవాల్సిన తీరున, వేలు నాకించిన ప్రతిసారీ ఒకసారి మట్టితో రుద్ది, మొత్తం ఏడుసార్లు కడుక్కునేది. వేలి చివర పగిలి మంట పుట్టేది.

"కుక్కలు నాకిన వేలితోనే తస్బీ పూసలు తిప్పుతావా?" అనేది అత్త.

"కడిగాను అత్తా."

"కడిగితే పోయేది మురికే."

ముప్పై తొమ్మిదో రోజు పొద్దున షెడ్డు ముందు ట్రాక్టరు ఆగింది. అన్నపూర్ణ తమ్ముడు జానకిరామయ్యతో నలుగురు రైతులు దిగారు. మక్బూల్ షట్టరు ఎత్తాడు. సాబిరా చిన్న తలుపు మూసి, దానికున్న పరదా వెనక నిలబడింది. తలుపు చెక్కల సందులోంచి మాటలు వినిపిస్తున్నాయి.

"మక్బూలూ, తింటయ్యా ఇయ్యి? మళ్లా నేను పాలసీసా పట్టుకు తిరగలేను."

"ఎందుకు తినవు మామా, రాళ్లేసినా అరాయించుకుంటయ్."

ఒక్కోదాన్ని మెడ పట్టి ఎత్తుతున్న కూతలు. ఏది ఏ కూతో ఆమెకు తెలుసు. బలిసిన రెండూ పోయాయి. చెవి మడతది పోయింది. ఎర్రదానికి గంజి చల్లగా ఉంటేనే దిగుతుందని చెప్పేవాళ్లు లేరు. ఎనిమిది లెక్కపెట్టుకుంది. తరవాత సన్నటి కూత.

"ఇదేంది ఇంతుంది?"

"అది గూడా తింటది, ఏసుకో మామా. ఖాళీ అయిపోద్ది."

పొలాల్లో తల్లి ఉండదు, వేలు ఉండదు. రెండో రోజుకు అది ఉండదు. సాబిరా నోరు తన చేత్తోనే మూసుకుంది. మంచం మీద తస్బీ తిరగడం ఆగి ఉంది. అత్త ఆమెనే చూస్తోంది.

"ఆ పిల్ల తినలేదు!" సాబిరా గొంతు తనకే కొత్తగా వినబడింది. "వేలు పెడితేనే నాకుద్ది. దాన్నియ్యొద్దు."

అవతల ట్రాక్టరు ఇంజను ఒక్కటే కొట్టుకుంటోంది.

"భాబీ!" అన్నాడు మక్బూల్, పరువు పోయినవాడిలాగా.

జానకిరామయ్య దగ్గాడు. "పోన్లే అబ్బాయ్, ఆ అమ్మ ఉన్నమాట జెప్పింది. అమ్మా, ఉంచుకో. తినడం వచ్చినాక మా అక్కతో కబురంపు, వచ్చి తీసకపోతా. మా కళ్లానికి అదే."

ట్రాక్టరు పోయాక అమీనా బీ తస్బీ పక్కన పెట్టింది.

"నా కొడుకు బతికున్న రోజుల్లో నీ గొంతు పక్కింటికి వినబడలా. ఇద్దత్‌లో ఊరంతా విన్నది."

సాబిరా వెళ్లి చిన్న తలుపు తీసింది.

నలభయ్యో రోజు చిన్నదాన్ని పెరట్లో గంప కింద మూసిపెట్టింది. షెడ్డు నిండా జనం, ఊదొత్తుల పొగ, చదువు. నల్లది షట్టరు దాకా వచ్చి, పిల్లల్ని వెతికి, తరమగానే పోయింది. మళ్లీ రాలేదు.

ఆ తరవాత మూడో రోజు. ఖాళీ షెడ్డు. తొట్టి గడప అవతల. నడుమ బొక్కలో ఒక్కటే పిల్ల. సాబిరా ఎప్పటిలాగే వేలు ముంచి అందించింది. అది వేలిని ముక్కుతో పక్కకు నెట్టి, గంజిలో మూతి పెట్టి తాగింది. టైరు వెంట తిరుగుతూ తాగింది.

ఆమె చెయ్యి మళ్లీ గంజిలోకి వెళ్లింది. వేలు దాని మూతికి అడ్డంగా పెట్టింది. పిల్ల వేలును ఒక్కసారి నాకి, ఆమె ముఖంలోకి చూసింది, మళ్లీ గంజిలోకి వంగింది.

గోడ మీదుగా అన్నపూర్ణ తల కనిపించింది. "తింటందా ఏంది? మావోడికి ఫోన్ కొట్టనా?"

లేదు అనొచ్చు. ఇంకో వారం లేదు అనొచ్చు, నెల అనొచ్చు. తన దగ్గర ఇంకా ఎనభై ఏడు రోజుల ఇద్దత్ ఉంది. సాబిరా వేలు గంజిలోనే ఉంది. అత్త మంచం మీద మెదలకుండా వింటోంది.

"తింటంది అక్కా," అంది. "రమ్మను."

చెయ్యి బయటికి తీసి, మట్టి తీసుకుని రుద్దుకుంది. ఏడుసార్లు కడుక్కుంది.

సాయంత్రం ట్రాక్టరు వచ్చిపోయాక తొట్టిని కర్రతో మెల్లగా వెనక్కి, అది ఉన్న మూలకే నెట్టింది. చేతికి ఏమీ అంటలేదు. అయినా పంపు దగ్గరికి వెళ్లి కూర్చుని, ఒకటి నుంచి లెక్కపెడుతూ కడుక్కోవడం మొదలుపెట్టింది.