ఆస్రా చున్నీ ముడులు

బీకాం పట్టాను చున్నీకి కట్టుకుని తిరిగే పిల్ల నారాయణఖేడ్ మొత్తానికి ఆస్రా ఒక్కతే. పట్టా ఇంకా రాలేదు లెండి, కట్టినవి ముడులే. పాసైన పేపరుకొక ముడి. కల్హేర్ నుంచి కాలేజీకి వచ్చే ఆటోలో పెదవులు కదుపుతూ, చెమట వేళ్లతో వాటిని లెక్కపెట్టుకుంటుంది. చివరి సెమిస్టర్ పేపర్లు ఎంచుకునే గడువు ముగిసే రోజు పొద్దున, నానమ్మ కుబ్రా బీ చున్నీ ఉతుకుతూ ముడులన్నీ విప్పేసింది. "పరేషాన్ గాకు బేటీ, మల్ల కట్టుకో," అంది. మార్కుల మెమోలు చూస్తూ కడితే ఒకటి తక్కువైంది. ఎకనామిక్స్‌కు ఎప్పుడో పొరపాటున రెండు ముడులు వేసి, లెక్క సరిపోయిందనుకుని ఒక పేపరు తీసుకోవడమే మరిచింది. అది లేకుంటే డిగ్రీ రాదు. తడి చున్నీతోనే ఆటో ఎక్కి, ఆఫీసు మూసేలోపు ఆ పేపరుకు పేరు రాయించుకుంది.

ఆ ఆటో నడిపే ముసలివాణ్ణి నేను. ఈ సంగతి ఆటోలో ఎక్కినవాళ్లకు చెబుతుంటే, ఆస్రా చున్నీ కొసను పిడికిట్లో దాచుకుంది.

"గదంత ఉత్తదే తాతా. నాకు ముడి ఎయ్యనే రాదు."