ఎర్రగుడ్డ కట్టని రోజు

నన్నడగకుండా మా వాగు ఒక్క అడుగు ముందుకు పారేది కాదు. నేను తూము ఎత్తితే పారేది, దించితే ఆగేది. నీళ్ల వాసన చూసి మంచిచెడ్డా చెప్పమని ఇంజనీర్లే నన్ను బతిమాలేవారు. పంతొమ్మిదేళ్ల నౌకరీలో చెడ్డనీళ్లు ఒక్క చుక్క కిందికి వదిలిన పాపం నాది కాదు.

ఇందులో నౌకరీ చేసిన మాట ఒక్కటే నిజం.

బోధన్ దారికి ఎడంగా, చెరుకు తోటల వెనక ఉండేది ఊరి మురుగును శుభ్రం చేసే మా మోరీనీళ్ల ప్లాంటు. ప్లాంటు అంటే పెద్దగా ఊహించుకోకండి. మూడు గుంటలు, నీళ్లను చిలికి గాలి పట్టించే రెండు పంకలు, ఒక తూము, నేను. తూము అవతల మంజీరలో కలిసే వాగు. ఎండాకాలం అందులో పారేవి మా ఊరి స్నానాల నీళ్లే. వానాకాలం అది నన్నే కాదు, దేవుణ్ని కూడా అడిగేది కాదు.

తూముకు దిగువన ఒక అక్క బట్టలు ఉతికేది. నాకంటే చిన్నదే అయినా అందరూ అక్క అంటే నేనూ అన్నాను. ఒకసారి పంకలు ఆగి నల్లనీళ్లు వదిలితే గట్టెక్కి వచ్చి దులిపేసింది.

"ఏందన్నా, నీ మోరీ కడుగనీకా నేనీడ బండ ఏసుకున్నది? నీళ్లు ఖరాబున్ననాడు ఓ మాట చెప్తే నీ నోట్ల ముత్యాలు రాల్తయా?"

మర్నాడు తన పాత చీరలోంచి ఎర్రగుడ్డ చింపి తెచ్చింది. పంకలు ఆగిన రోజు నేను దాన్ని వెదురుకర్రకు కట్టి తూము దగ్గర నిలబెట్టాలి. అది కనబడితే ఆమె మూట దించకుండా వెనక్కి వెళ్లేది. ఏ రిజిస్టర్లోనూ లేని ఆ కాయిదా మా ఇద్దరి మధ్య ఏళ్ల తరబడి నడిచింది.

తొంభైల్లో ఒక డిసెంబరు. మోటారుకు గ్రీజు పెట్టకుండా, పంక తిరుగుతుండగానే సినిమాకని నిజామాబాద్ వెళ్లాను. తిరిగొచ్చేసరికి మోటారు కాలిపోయింది. రెండో పంక అప్పటికే మూలపడి ఉంది. భయపడి పైకి చెప్పలేదు, తూము దించేసి ఉంచాను. నాలుగో రోజుకు గుంటలు నిండి బస్తీ ఇళ్లలోకి పొర్లేలా ఉన్నాయి. తూము ఎత్తక తప్పలేదు. అదే పొద్దున ఇంజనీరు సారు తనిఖీకి వస్తున్నాడని కబురు. గుడ్డ చూస్తే ఎందుకని అడుగుతాడు. అడిగితే నా నౌకరీ పోతుంది. గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆనాడు అక్క మూటలో ఉన్నవి క్రిస్మస్‌కు చర్చిలో పాటలు పాడే ఆడవాళ్ల తెల్లచీరలు. నల్లనీళ్లు రేవుకు చేరేసరికి అన్నీ వాగులోనే నానుతున్నాయి. ఎన్నిసార్లు ఉతికినా బూడిదరంగు పోలేదు, కంపు వదల్లేదు. చర్చివాళ్లు ఆమెను ఒక్క మాటా అనలేదు. బట్టలు వేయడం మానేశారు. వాళ్లను చూసి మిగతా ఇళ్లవాళ్లూ మానేశారు. ఏడాది తిరక్కుండా ఆ మనిషి కొడవలి పట్టుకుని చెరుకు కొట్టే కూలీల్లో కలిసింది.

సారు ఆ రోజు రానే లేదు.

ఈ సంగతి నేను చాలాకాలం వేరేగా చెప్పుకున్నాను. అరుస్తూ వాగులోకి దూకానని, సగం చీరలు బయటికి లాగానని. దూకలేదు. తూము మీదే నిలబడ్డాను. ఆమె మరీ దూరంగా ఉంది, పిలిచినా నా గొంతు అందేది కాదు.

మొన్న ఎడపల్లిలో ఆమె ఇంటికి వెళ్లి, ఇక్కడిదాకా రాసింది చదివి వినిపించాను. చింతపండులో గింజలు తీస్తూ మొత్తం విన్నది.

"దూరం యాడిదన్నా? నువ్వు బీడీ తాగితే పొగ నా మొకానికే కొట్టేది. నువ్వు తూము ఎత్తుతుంటే నేను లేసి నిన్ను అడిగిన. గుడ్డ కట్టలేదు, ముంచాల్నా అని. మంచిగున్నయి, ముంచు అన్నవు. గది రాసుకో."