గోడ నీటుగా ఉంచమన్నారు

1978 చలికాలంలో నన్ను విశాఖపట్నం వేశారు. ప్రభుత్వ ప్రచార విభాగంలో జిల్లా ఫోటోగ్రాఫర్ని. ప్రారంభోత్సవాలు, హార్బరు చూడవచ్చే పెద్దమనుషుల మెడలో దండలు, ఉక్కు కర్మాగారం కోసం చదును చేస్తున్న నేలలు, ఇవే నా పని. అందుకే హైదరాబాదు ప్రదర్శన కోసం వన్‌టౌన్ సందుల్లోని గోడబొమ్మలు తీయమని ఉత్తర్వు రాగానే సెలవు దొరికినంత సంబరపడ్డాను.

మా పద్ధతి ప్రకారం మొదట నలుపు తెలుపు ఫిల్ముతో నమూనాలు తీసి పంపాలి. పైవాళ్లు ఎంచినవాటికే కలర్ ఫిల్ము మంజూరవుతుంది. అప్పట్లో కలర్ రోలు ఆఫీసరు బీరువాలో తాళం కింద ఉండేది. మా ఆఫీసులో దానికున్న మర్యాద నాకు లేదు.

ఆ సందులు ఇరుకు. ఎండ నడినెత్తికొస్తే తప్ప గోడ మీద వెలుతురు పడదు. కుర్రాళ్లు కసరత్తు చేసే తాలింఖానా గోడ మీద పులినీ, సోడా కొట్టు పక్కన సినిమా నాయికనూ తీసుకుంటూ మస్తాన్ బాషాగారి ఇంటి దగ్గర ఆగిపోయాను. ఆయన లారీలకు, మరబోట్లకు, కొట్ల బోర్డులకు పేర్లు రాసే పెయింటరు. ప్రభుత్వ నినాదాలూ ఆయనే రాసేవారు. ఇంటి పక్కగోడ నిండా హార్బరు వేసుకున్నారు. కొండ, లైట్‌హౌసు, ఓడ. ఓడకంటే పెద్దగా, నెత్తిన చేపలబుట్టతో ఒక ఆడమనిషి. కొలతలన్నీ తప్పే. అయినా అంత ప్రాణమున్న బొమ్మ ఆ ఊళ్లో నేను మరొకటి చూడలేదు.

"ఊరంతా నా సేతిరాతే బాబూ. నా పేరు మాత్రం ఎక్కడా నేదు. ఈ బొమ్మ కింద ఏత్తారా?" అని అడిగారాయన. వేయిస్తానన్నాను.

ఆ రోజు మా ఆఫీసరుగారు కూడా వచ్చారు. మంచి మనిషి. జీపు ఎక్కుతూ, "మంత్రిగారు చూస్తారు, గోడ నీటుగా ఉంచండి" అన్నారు. బడికెళ్లినా ఆసుపత్రికెళ్లినా జీపెక్కేటప్పుడు ఆయన అనే మాటే అది. మేమెవరం పట్టించుకునేవాళ్లం కాదు.

హైదరాబాదువాళ్లు ఆ బొమ్మనే ఎంచారు. మంజూరు కాగితం తిరిగి తిరిగి వచ్చేసరికి వేసవి దాటిపోయింది. కలర్ రోలు పట్టుకుని సందులోకి వెళ్లేసరికి గోడ తెల్లగా ఉంది. పైన సుస్వాగతం, మధ్యలో కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం, దాని కింద ఇద్దరు పిల్లలతో నవ్వుతున్న దంపతులు. మూలన, చిన్న అక్షరాలతో, మస్తాన్ బాషా.

"ఆఫీసరుగారు నీటుగా ఉంచమన్నారు కదా. పాతదానికి సున్నం కొట్టీసినాను. అది నా సరదాకి ఏసుకున్నది. మంత్రిగారికి ఏటి సూపిత్తాం?" అన్నారు బాషాగారు. నా ముఖం చూసి, "ఏటి బాబూ, బాగోనేదా?" అన్నారు.

లోపలి నుంచి ఆయన భార్య అందుకున్నారు. "కంటికి పొర కమ్మీసింది బాబూ. ఆ ముక్కోణం గియ్యడానికే ఎంత అవత్త పడ్డారో."

బాగుందనే చెప్పాను. రోలంతా తీశాను. ఇలాంటివి మా దగ్గర చాలా ఉన్నాయని హైదరాబాదువాళ్లు తిప్పి పంపారు. పాత నమూనానైనా పెట్టమని రాశాను. ప్రదర్శనకు కలరే కావాలన్నారు. ఆయన పేరు ఎక్కడికీ వెళ్లలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

నమూనాను పెద్దది చేసి తీసుకెళ్లి ఇచ్చాను. బాషాగారు దాన్ని కంటికి ఆనించుకుని చాలాసేపు చూశారు. "నాదే. రంగులేవి బాబూ?" అన్నారు. స్టూడియోవాళ్లు ఫోటోకి చేత్తో రంగులద్దే రోజులవి. అద్దించి ఇద్దామని, ఓడకు ఏ రంగు వేశారో, చేపలబుట్ట ఆడమనిషి చీరకు ఏ రంగు వేశారో అడిగాను.

"ఆయాల ఏ డబ్బాలో ఏది మిగిలితే అదే ఏసినాను. గురుతు నేదు. తవరు సూసినారు కదా, తవరే సెప్పాల" అన్నారు.

నాకూ గుర్తు లేదు. వెలుతురు ఎంత పడుతోందో చూశాను గానీ రంగు చూడలేదు.

ఆ తరువాత ఉద్యోగం చేసినన్నాళ్లూ, నలుపు తెలుపు నెగెటివ్ పెట్టే ప్రతి కవరు మీదా రంగుల పేర్లు రాసిపెట్టాను. బాషాగారి గోడ ఉన్న కవరు మీద మాత్రం ఏమీ లేదు.