అత్తిబెలె బాగినం సైకిలు

మొన్న ఆదివారం కూరగాయలకని కిందికి దిగితే, మా బ్రూక్‌ఫీల్డ్ అపార్టుమెంటు బేస్‌మెంట్లో మూలనున్న సైకిలు హ్యాండిలుకు ఎర్ర రిబ్బను కట్టి ఉంది. మా అసోసియేషనువాళ్లకు ఏడాదికోసారి శుభ్రత పూనుతుంది. ఎవరూ తొక్కని సైకిళ్లన్నిటికీ రిబ్బన్లు కడతారు. నెలాఖరులోగా విప్పుకుంటే సరి, లేకపోతే ఎవరికో దానం. "సార్, ఈ కొమ్ముల సైకిలు మీదేనా?" అని వాచ్‌మన్ అడిగాడు. మా బావదన్నాను. "మరి ఆయన తొక్కరా?" అన్నాడు. కూరగాయల సంచి పట్టుకుని నిలబడి చెప్పే జవాబా అది! తర్వాత చెప్తాలే అని బయటపడ్డాను.

మా బావంటే మా అక్క భర్త. కబ్బన్‌పేటలో తరాలుగా మగ్గాల మీద బతికిన తెలుగు కుటుంబం వాళ్లది. ఆయనకు ఒక్కతే చెల్లెలు, నాకు వదిన వరస. అత్తిబెలెలో ఇచ్చారు. మా ఊళ్లో వినాయక చవితి ముందురోజు వచ్చే గౌరి పండగకు అన్నదమ్ములు పెళ్లయిన అక్కచెల్లెళ్లకు బాగినం ఇవ్వాలి. రెండు చేటల నడుమ పసుపు, కుంకుమ, గాజులు, రవికెగుడ్డ, పప్పులు, కొబ్బరికాయ పెట్టి, మూసి, పసుపుదారంతో కట్టి ఇస్తారు. అందరూ బస్సులో వెళ్లి ఇచ్చి వస్తే మా బావ మాత్రం సైకిలు మీద వెళ్లేవాడు. వయసులో ఉన్నప్పుడు ముచ్చటపడి కొనుక్కున్న గేర్ల సైకిలది. కొండలెక్కే రకం, గట్టి ఉక్కు, లావు టైర్లు. కబ్బన్‌పేట గల్లీల్లో కొండలెక్కడున్నాయో ఆయనే చెప్పాలి. చేటల్ని వెనక క్యారియర్‌కు కట్టి, హోసూరు రోడ్డు లారీల మధ్య చెమటలు కక్కుకుంటూ అత్తిబెలె చేరేవాడు. వదిన గేటు దగ్గరే నిలబడి, "వచ్చినావా అన్నా? టెంకాయ పగల్లేదు గదా?" అనేది. ఏటేటా అదే మాట, ఏటేటా ఇద్దరికీ అదే నవ్వు.

తర్వాత మగ్గం గొడవ వచ్చింది. వాళ్ల నాయన నేసిన పాత చేమగ్గం ఇంట్లో సగం జాగా తినేస్తూ ఉండేది. ఎవరో హోటలువాళ్లు వచ్చి ముందు హాల్లో అందానికి పెట్టుకుంటామంటే బావ ఇచ్చేశాడు. చెల్లెలికి మాటమాత్రంగానైనా చెప్పలేదు. ఆమె విని ఊరుకుంటుందా? "నాయన కూర్చున్న మగ్గాన్ని షోకు నిలబెడ్తివా? ఇంక నా గడప తొక్కద్దు" అంది. ఈయనకు మాత్రం పౌరుషం తక్కువా? బాగినం ఆగిపోయింది. సైకిలు మేడమెట్ల కింద దుమ్ముకొట్టుకుపోయింది. మా అక్కా వదినా మాత్రం ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉండేవారు, బావకు తెలియకుండా. అంటే, తెలిసినా ఆయన తెలియనట్టు పక్కగదిలోకి వెళ్లిపోయేవాడు.

అరవై దాటాక బావ ఒకసారి మా ఇంటికొచ్చి, సర్జాపుర రోడ్డు మీద సామాన్లు కట్టుకుని దూరాలు పోయే సైకిళ్లను చూశాడు. వాటి హ్యాండిళ్లు పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉన్నాయి. పట్టు మార్చుకుంటూ పోవచ్చు, చేతులు తిమ్మిరెక్కవు అని ఎవరో చెప్పారట. ఇంటికి పోయి పాత సైకిలు దుమ్ము దులిపాడు. ఆ ఏడు గౌరి పండగకు బాగినం పట్టుకుని అత్తిబెలె పోవాలని ఆయన సంకల్పం. కారులో దింపుతా పద బావా అన్నాను. "సుమ్నె ఊరుకుండప్పా. కారులో దిగితే నేనేమన్నా మాట్లాడాల గదా? నాకు మాటలు రావు. సైకిలు మీద దిగితే మా చెల్లెలే గేటు తీస్తాది" అన్నాడు. ఆ సైకిలును ఎందుకంత ప్రేమగా విప్పుతున్నాడో నాకప్పుడు అర్థమైంది.

ఇంక మొదలైంది చూడండి సంబరం. కొమ్ముల హ్యాండిలు బిగించగానే అది చేతికి అందనంత దూరం పోయింది. జీను మీద కూర్చుని ముందుకు వంగితే ఎవరికో సాగిలపడి దండం పెడుతున్నట్టుంది మనిషి. సైకిలుకూ హ్యాండిలుకూ నడుమ ఉండే మెడ లాంటి ముక్కను విప్పించి పొట్టిది వేయించాడు. మోచేతిని జీను ముక్కుకు ఆనించి, మూర కొలిచి, వేళ్లు ఎక్కడికందుతాయో చూసుకున్నాడు. హ్యాండిలుకు గుడ్డపట్టీ చుట్టడమైతే చెప్పక్కర్లేదు. చుట్టుకూ చుట్టుకూ ఎడం సమంగా లేదని విప్పడం, మళ్లీ చుట్టడం. పడుగు సరిగ్గా లేకపోతే మగ్గమెక్కని వంశం కదా! అక్క నన్ను పిలిచి, "చూడప్పా మీ బావను. నా జడ కూడా ఎప్పుడూ ఇంత ముద్దుగా చూడ్లే" అంది.

అసలు చిక్కు బ్రేకుల దగ్గర వచ్చింది. కొమ్ముల హ్యాండిలుకు వేసే లివర్లు తీగను కొంచెమే లాగుతాయట. సైకిలుకున్న బ్రేకులకేమో ఎక్కువ లాగాలట. ఎంత నొక్కినా చక్రం తన దారిన తాను పోతూనే ఉంది. పాతకాలపు బ్రేకులైతే సరిపోతాయన్నారు షాపులో. ఆ పాతకాలపు బ్రేకులే మొదట్లో దానికి ఉండేవి, ఈ మహానుభావుడే ఎప్పుడో మార్పించి పాతసామాన్ల గుజరీకి వేసేశాడు. అలాంటివి ఎక్కడెక్కడో వెతికి తెప్పించాలి. పండగ వచ్చింది, బ్రేకులు రాలేదు. ఆ పొద్దున నేను వెళ్లేసరికి బాగినం క్యారియర్‌కు కట్టేసి ఉంది. బావ పట్టుపంచె మడిచి కట్టుకుని సైకిలు పక్కన నిలబడి ఉన్నాడు. మధ్యాహ్నం దాకా పోస్టు కోసం గల్లీ చివరకు చూస్తూనే ఉన్నాడు. సాయంత్రం అక్క దారం విప్పి చేటలు లోపలికి తీసుకుపోయింది.

బ్రేకులు వినాయకుడి నిమజ్జనాలు ముగిశాక వచ్చాయి. బిగించాక సైకిలు అద్భుతంగా కుదిరింది. ఇప్పుడైనా వెళ్లి రా బావా అన్నాను. "పండగ దాటినాక బాగినమేందప్పా? ఒట్టిచేతుల్తో పోతే బాగుంటాదా? మళ్లా ఏడాది రాదా పండగ, యాడికి పోతాది?" అన్నాడు. మా ఇళ్లలో ఆ మాటకు తిరుగులేదు. అక్క కూడా తలూపింది.

ఆ తర్వాతి ఎండాకాలంలో వదిన గుండె ఆగి పోయింది. నా కారులోనే వెళ్లాం. దారి పొడవునా బావ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. కార్యక్రమాలన్నీ అయ్యాక, వదిన కోడలు కాఫీ ఇస్తూ, పాపం ఏ చెడ్డ ఉద్దేశమూ లేకుండానే చెప్పింది. "పోయిన గౌరి హబ్బకు అత్త పొద్దున్నించి గేటు తీసిపెట్టుకోని మెట్టు మీద కూర్చున్యాది మామా. మీరు సైకిలు చేస్తాండారని కబ్బన్‌పేట అత్త ఫోన్లో చెప్పినారంట. సందకాడ బ్రేకులు రాలేదని ఫోనొచ్చింది. 'బ్రేకులు లేకుంటే ఏమాయ, తోసుకొని రాకూడదా అన్న?' అనింది మా అత్త."

బావ గ్లాసు కింద పెట్టాడు. తాగలేదు. ఆ వారంలోనే సైకిలును తెచ్చి మా బేస్‌మెంట్లో పెట్టాడు. గల్లీలో జాగా లేదన్నాడు. ఇన్నేళ్లూ ఉన్న జాగా ఎక్కడికి పోయిందని నేనూ అడగలేదు.

రిబ్బను సంగతి మొన్న సాయంత్రం ఫోన్ చేసి చెప్పాను. "ఇచ్చెయ్యప్పా ఎవరికన్నా. బ్రేకులు బాగుండాయో లేదో చూసి ఇవ్వు" అన్నాడు.

చూద్దామని కిందికి దిగాను. పట్టీ చుట్లు ఇప్పటికీ కొలిచినట్టు సమంగా ఉన్నాయి. క్యారియర్ కమ్మీకి పసుపుదారం పోగొకటి చిక్కుకుని ఉంది. లివరు ఊరికే తాకితే చాలు, చక్రం ఠక్కున ఆగింది. రిబ్బను విప్పి జేబులో వేసుకున్నాను. ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు. పండగ యాడికి పోతాది అని బావ అన్నది నిజమే. వదిన పోయిన ఏడు కూడా, ఒక్కరోజు ఆలస్యం కాకుండా, గౌరి పండగ వచ్చింది.