మంజూష మేడం ముంజేయి

మంజూష అమీర్‌పేటలోని ఒక కోచింగ్ సెంటర్‌లో జువాలజీ చెబుతుంది. ఏ పాఠం మొదలుపెట్టినా చివరికి తన ముంజేయి దగ్గరికే వస్తుంది. చున్నీ నడుముకి బిగించి, మోచేతి నుంచి మణికట్టు దాకా వేళ్లతో తడుముకుంటూ, "ఈ రెండెముకలే గబ్బిలం రెక్కలోనూ, తిమింగలం తెడ్డులోనూ, పిల్లి కాల్లోనూ ఉన్నాయి. మనందరం ఒక ఇంటివాళ్లమేనర్రా" అంటుంది. హాస్టల్ మెస్‌లో కోడి రెక్క తింటూ కూడా ఎముకల్ని వరసగా పేరుస్తుందని పిల్లలు నవ్వుకుంటారు.

ఒక సాయంత్రం క్లాసు ముగించుకుని బయటికి వచ్చేసరికి, రోజూ తన చేతి బిస్కెట్లు తినే ఎర్రకుక్క బండి తగిలి రోడ్డు పక్కన పడి ఉంది. ముందుకాలు వేలాడుతోంది. మంజూష చున్నీ తీసి ఆ కాలికి మెత్తగా చుట్టి, కుక్కని ఒళ్లోకి తీసుకుంది. ఆగిన ఆటోలన్నీ దాన్ని చూసి వెళ్లిపోయాయి. చివరగా వచ్చిన ఆటో విజయేందర్‌ది. అతనూ తల అడ్డంగా ఊపాడు.

"కుక్కనైతే ఎక్కించుకోను మేడం. సీటు ఖరాబైతది."

ఆమె అలవాటు కొద్దీ తన ముంజేయి చాపి చూపించింది. "ఇక్కడ మనకున్న ఎముకలే దీనికీ ఉన్నాయండి. అవే విరిగాయి."

విజయేందర్ కుడిచేయి తనకు తెలియకుండానే ఎడమ ముంజేతి మీదికి పోయింది. "పోయినేడు నాది సుత గాడనే ఇరిగింది. మస్తు గుంజుతది," అన్నాడు మెల్లగా. "జర పైలంగ ఎక్కుండ్రి."

పశువుల డాక్టరు పంజాగుట్ట అవతల ఉంటాడు. ప్రతి గతుకు దగ్గరా ఆటో నడకకన్నా నెమ్మదిగా సాగింది. వెనక హారన్లు మోగుతుంటే విజయేందర్ తల బయటికి పెట్టాడు.

"ఆగు భాయ్, లోపల పేషెంటున్నడు."