పాలిష్ పట్టిన పతకం

మాచర్లలో ఇత్తడి, కంచు పాత్రలకు పాలిష్ పట్టే రసూల్‌కు ఒక్కటి తప్ప ఏ వ్యసనమూ లేదు. ఆ ఒక్కటీ ఎందుకు పట్టుకుందో అతనికే అంతుపట్టదు. శిల్పులు చేసిన పతకాలు పోగేస్తాడు. ఆటల్లో గెలిచినవాళ్ల మెళ్లో వేసేవి కావవి. రిబ్బను దూర్చడానికి కొక్కెమైనా ఉండదు. అరచేతిలో పట్టే కంచుబిళ్ల మీద ఓ ముఖమో, ఎద్దో, నాగలి పట్టిన మనిషో వేలి మందాన పైకి లేచినట్టు దిద్ది ఉంటుంది. మొదటిది పాత సామాన్ల కొట్లో తూకానికి కొన్నాడు. ఇరవై ఏళ్లలో పందొమ్మిదయ్యాయి.

"ఇది బొమ్మా, బిళ్లా, గిన్నె మీద మూతా? దేనికి పనికొస్తదో చెప్పు" అని భార్య అబిదా అడిగినప్పుడల్లా బుర్ర గోక్కుంటాడు. తెలిస్తే చెప్పడా పాపం! పట్టుకుంటే బాగుంటుంది, అంతే.

వాటిలో అతనికి ప్రాణమైనది దుర్గి శిల్పి యల్లమంద చేసింది. రాతిపని చేసుకునే ఆ పెద్దాయన జన్మలో చేసింది ఒక్కటే పతకం. భార్య కృష్ణకుమారి ముఖాన్ని మైనంలో దిద్ది, కంచులో పోత పోయించాడు. చిన్నప్పుడు అమ్మవారు పోసిన మచ్చలు ఆమె చెంపల నిండా ఉండేవి. ఒక్కటీ వదలకుండా దిద్దాడు. రసూల్ మూడేళ్లు వెంటపడి దాన్ని సంపాదించుకున్నాడు.

యల్లమందకు షుగరుతో చూపు పోయింది. ఈ ఏడు కృష్ణకుమారి కూడా పోయింది. పది రోజులు దాటాక రసూల్‌కు ఫోను చేశాడు.

"ఒరేయ్ రసూలూ, ఆ బిళ్ల ఒక్కసారి తెచ్చియ్యరా. దాని మొహం తడిమి చూసుకుంటా."

ఎవరి సామానైనా తన కొట్లోంచి మెరుగు లేకుండా బయటికి పోకూడదన్నది రసూల్‌కు తండ్రి నేర్పిన మర్యాద. నల్లటి బిళ్లను అలాగే పట్టుకెళ్తే ఏం బాగుంటుందనుకున్నాడు. ఆ నలుపు శిల్పి కావాలని పట్టించిన రంగని ఈ మహానుభావుడికి ఎవరు చెప్పాలి? చూపు లేని మనిషికి మెరుపెందుకని కూడా తట్టలేదు. గిర్రున తిరిగే గుడ్డ చక్రానికి నలుపు వదలకపోతే గరుకు చక్రానికి పెట్టాడు. బిళ్ల తళతళలాడింది. తుడిచి చూసుకుంటే చెంపలు నున్నగా ఉన్నాయి, ఒక్క మచ్చా లేదు. పైకి లేచిన భాగమే ముందు చక్రానికి తగులుతుందని ముప్పై ఏళ్లుగా అదే పని చేసేవాడికి తెలియదా? తెలుసు. ఆ పూట తోచలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

దుర్గి బస్సెక్కాడన్న మాటే గానీ ఏం చెయ్యాలో పాలుపోలేదు. పోయిందని చెబుదామా అంటే అబద్ధం. చేతిలో పెడదామా అంటే ముసలాయన గుండె పగులుతుంది. దిగిపోదామని రెండుసార్లు లేచి రెండుసార్లూ కూర్చున్నాడు. కండక్టరు వింతగా చూశాడు.

యల్లమంద అరుగు మీద కూర్చుని రెండు చేతులూ చాపాడు. అతని బొటనవేలు నుదురు దాటి, ముక్కు దాటి, చెంప మీద ఆగింది. మళ్లీ తడిమాడు. రెండో చెంపా తడిమాడు.

"ఇది నాది కాదురా. ఎవరిదో తెచ్చావు."

అవునంటే రసూల్ బయటపడొచ్చు. కానీ అసలుది ఎక్కడో ఉందని ఈయన పోయేదాకా అడుగుతూనే ఉంటాడు. ఆ ఊహకే సిగ్గేసింది.

"నీదే బాబాయ్. మెరుగు పెట్టబోయి నేనే అరగదీశా. మచ్చలన్నీ పోయినయ్. తిట్టు, కొట్టు, నీ ఇష్టం."

యల్లమంద తిట్టలేదు. వేలు ఆ నున్నటి చెంప మీదే ఉంది.

"మచ్చలు పెట్టొద్దయ్యా అని నా కాళ్లు పట్టుకుందిరా అది. నలుగురూ చూస్తారని ఏడ్చింది. ఉన్నది ఉన్నట్టు చెయ్యకపోతే నేనేం శిల్పినని కసిరా. పోయేదాకా ఈ బిళ్లను ఇంటి గడప తొక్కనియ్యలేదు."

ఏడవాలో, ఊపిరి పీల్చుకోవాలో రసూల్‌కు తెలియలేదు. పతకం తీసుకుందామని చెయ్యి చాపాడు. యల్లమంద దాన్ని గుప్పిట్లో గట్టిగా బిగించాడు.

"ఇంక నీకియ్యనురా. ఇప్పుడైతే ఇంట్లో ఉండనిస్తదిలే."